మూడేళ్లు ఆలస్యమైన పరామర్శ

ఎనెలేసి తల్లి పోయిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా రాజధాని లిలోంగ్వే నుంచి ఏడు కార్లు వచ్చి వాకిట్లో ఆగాయి. ఊళ్లోంచి మాత్రం ఒక్క పారైనా రాలేదు.

కార్లలోంచి నెట్‌బాల్ సంఘం పెద్దలు దిగారు. ఇద్దరు బ్యాంకు మేనేజర్లు, ఒక చక్కెర వ్యాపారి భార్య కూడా వచ్చారు. మెరిసే కాగితం చుట్టిన పూలగుత్తులు తెచ్చి, నల్ల కళ్లద్దాలు తీసి చేత పట్టుకుని, వేసి ఉన్న కుర్చీల్లో కూర్చుని చుట్టూ చూశారు. ఇంకా ముప్ఫై కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లోపల శవం పక్కన చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్న ఆడవాళ్లు ఏడుగురంటే ఏడుగురే.

చిదోతి ఊళ్లో ఏ ఇంట్లో చావు జరిగినా ఆడవాళ్లు ఇల్లు పట్టక వాకిట్లో, వాకిలి పట్టక దారిలో కూర్చుంటారు. వచ్చే ప్రతి మనిషీ నెత్తిన ఒక కట్టెపుల్లో, పళ్లెంలో ఇంత మొక్కజొన్న పిండో పట్టుకొస్తుంది. ఇవాళ పొయ్యి దగ్గర ఒక్క పుల్ల పడలేదు. పిండి మర ఉన్న ఇంట్లో పిండికేం లోటు? పట్టుకొచ్చే చేతులే లేవు.

మర నడిపే తమ్ముడు జెస్టెన్ చెమటతో తిరిగొచ్చాడు. ఎనెలేసి గడపలోకి వచ్చి నిలబడింది.

"మనవలు వస్తున్నారా?"

గొయ్యి తవ్వే మగవాళ్లని ఆ పక్క మనవలంటారు. అరవై ఏళ్లవాడైనా సరే, పార పట్టిన రోజున పోయినవాళ్లకి మనవడే.

"ఇంటింటికీ వెళ్లానక్కా. ఒకడు నడుం పట్టేసిందన్నాడు. ఒకడు పార పిడి విరిగిందన్నాడు. మూడోవాడు నిజం చెప్పాడు."

"ఏమన్నాడు?"

జెస్టెన్ నేల చూపులు చూశాడు. "ఇవాళ ఆట ఉందన్నాడు."

అతని మాట పూర్తయ్యీ కాకముందే మర వైపు నుంచి ఈల వినిపించింది. వెంటనే జనం గోల. ఎనెలేసి ట్రాక్టరు పెట్టించి చదును చేయించిన మైదానంలో ఊరి కుర్రాళ్లు ఫుట్‌బాల్ మొదలుపెట్టారు.

"గ్రామపెద్దని అడిగావా?"

"కుర్చీ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. 'నేనెవర్నీ ఆపలేదే! ఆట చూడ్డం తప్పా? తప్పైతే మీ అక్కనే వచ్చి చెప్పమను. ఆటల గురించి ఆవిడకి తెలిసినంత మాకేం తెలుసు' అన్నాడు. అందరూ నవ్వారు."

ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఎనెలేసికి తెలుసు. మూడేళ్లుగా అది దాచిపెట్టిన నవ్వు.

* * *

ముప్ఫై ఏళ్లకే మొగుడు పోతే, పాత బట్టల మూట నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగి, ఆ డబ్బుతో డీజిలు మర కొన్న మనిషి ఎనెలేసి. మర దగ్గర వరస పెద్దది. పూట గడిచినా గింజలు మరలో పడేవి కావు. విసుగు పుట్టిన ఆడవాళ్లు ఒకరోజు ప్లాస్టిక్ సంచులు చుట్టి, నారతో బిగించి బంతి చేసి విసురుకోవడం మొదలుపెట్టారు. ఎనెలేసి చూసి చూసి, సైకిలు చక్రాన్ని కమ్మరి చేత చిన్నది చేయించి, నీలగిరి వాసానికి దిగ్గొట్టింది. "గెలిచిన జట్టు గింజలే ముందు!" అని అరిచింది మరలోంచి.

ఆ మధ్యాహ్నం చూడాలి! అమ్మమ్మలు కూడా నడుముకి చితెంజే గుడ్డ బిగించి బరిలోకి దిగారు. బంతి చేతికొచ్చాక అడుగు వేయకూడదన్న నియమం ఎవరి బుర్రకీ ఎక్కలేదు. బంతితో సహా ఇంటిదాకా పరిగెత్తిన మహాతల్లులున్నారు. వారం తిరక్కుండా ఒక మొగుడు ఫిర్యాదుకి వచ్చాడు. "మా ఆవిణ్ణి పిండికి పంపితే మోకాలి చిప్పలు పగలగొట్టుకుని వస్తోంది!"

"పిండి తెచ్చిందా లేదా?"

"తెచ్చింది. అందరికంటే ముందే తెచ్చింది."

"మరింకేం?"

అలా మొదలైన నెట్‌బాల్ ఆట పద్దెనిమిది ఊళ్లకి పాకింది. బడికి వెళ్లని పిల్లకి జట్టులో చోటు లేదంది ఎనెలేసి. పన్నెండేళ్లకే చదువు మానేసే పిల్లలు పదహారు దాకా ఆగారు. బరిలో అరవడం నేర్చుకున్న గొంతులు పంచాయితీల్లోనూ లేచాయి. ఆమె మర ఒకటి మూడైంది. జిల్లా సంఘంలో సభ్యురాలైంది, తర్వాత మధ్య ప్రాంతం మొత్తానికి అధ్యక్షురాలైంది. వచ్చే నెల దేశ సంఘానికే అధ్యక్షురాలవుతుందని వాకిట్లో కూర్చున్న ఆ ఏడు కార్లవాళ్లకీ నమ్మకం.

పెద్దదయ్యే కొద్దీ ఆమెకి చావులకి వెళ్లే తీరిక తగ్గింది. మనిషి వెళ్లలేని చోటికి లారీ వెళ్లేది. రెండు బస్తాల పిండి, ఒక శవపెట్టె, ఒక చీటీ. ఎవరూ పైకి ఏమీ అనలేదు. చికోజా మామ పోయేదాకా అనలేదు.

చికోజా మనవలందరికీ పెద్ద. నలభై ఏళ్లు ఊరి గోతులన్నీ తవ్వినవాడు. ఎనెలేసి మొగుడి గొయ్యి కూడా ఆయనే తవ్వాడు. ఆయన్ని పూడ్చే రోజునే లీగ్ ఫైనల్ పడింది. జాతీయ జట్టుకి పిల్లల్ని ఎంచడానికి రాజధాని నుంచి ముగ్గురు వచ్చారు. మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతారు, మళ్లీ ఏడాది దాకా రారు. ఆట ఆపమని గ్రామపెద్ద కబురు పెట్టాడు. ఎనెలేసి ఆపలేదు. పక్క ఊరికి మార్చింది. చావింటికి లారీలో ఆరు బస్తాల పిండీ, నున్నగా చిత్రిక పట్టిన పెట్టే పంపింది. ఊరి జట్టులో గోలు వేసే పిల్ల ఫలేసి చికోజాకి కూతురి కూతురు. ఏం చేయనని ఏడుస్తూ అడిగితే, "తాత కోసం రేపు కూడా ఏడవచ్చు. వీళ్లు రేపుండరు. బండెక్కు" అంది.

ఫలేసి ముప్ఫై నాలుగు బంతులు విసిరి ముప్ఫై ఒకటి వేసింది. జట్టుకి ఎంపికైంది. ఎనెలేసి అన్న మాట బండి కంటే ముందే ఊరు చేరింది.

* * *

సంఘం కార్యదర్శి లింబికాని మెల్లగా దగ్గరికొచ్చాడు. మంచివాడు. నిజంగానే బాధపడుతున్నాడు.

"మేడమ్, ఇక్కడ ఇలా అయితే ఎలా? నగరంలో శ్మశానం ఉంది. యంత్రంతో గంటలో తవ్వేస్తారు. ఇప్పుడు బయలుదేరితే సాయంత్రంలోపు అన్నీ గౌరవంగా జరిగిపోతాయి."

ఎనెలేసి తలుపు సందులోంచి తల్లి ముఖం వైపు చూసింది. ఒక్క రాత్రి నగరంలో పడుకోమంటే పడుకోని మనిషి. "అక్కడ కప్పలు కూడా అరవవే" అని తెల్లారకముందే మూట సర్దుకున్న మనిషి. ఆమె తల్లీ, ఆ తల్లి తల్లీ ఊరి చివర చెట్ల మధ్య వరసగా పడుకుని ఉన్నారు. వాళ్ల పక్కన చోటు ఖాళీగా ఉంది. పారలు లేనంత మాత్రాన దాన్ని ఖాళీగా వదిలేసి పోవడమా?

ఆమె బూట్లు విప్పింది. నల్ల కోటు తీసి జెస్టెన్‌కి ఇచ్చింది. నడుముకి చితెంజే చుట్టుకుని, ఇంకో గుడ్డ తలకి కట్టుకుంది.

"కాసేపు ఉండండి. ఒక చావింటికి వెళ్లొస్తాను."

లింబికాని తెల్లబోయాడు. "చావిల్లు ఇదే కదా మేడమ్?"

లోపల ఏడుగురిలో ఒకామె బుగ్గలు నొక్కుకుంది. "తల్లి శవం దగ్గర్నుంచి లేస్తారటే ఎక్కడైనా?"

ఎనెలేసి అప్పటికే దారిలో ఉంది.

ఊరి తూర్పు కొసన చికోజా ఇల్లు. మైదానం పక్కనుంచే వెళ్లాలి. ఉత్తకాళ్లతో నడుస్తున్న ఆమెని చూసి ఒకడు ఈల వేశాడు. "అధ్యక్షురాలమ్మా, ఇటు! టికెట్టు లేదు లెండి!" ఆమె తల తిప్పలేదు. ఆ ఇల్లు ఇంకా వంద గజాలుందనగా, ఆడవాళ్లు చావింటికి వెళ్తూ దారిలోనే ఎలా గొంతెత్తుతారో అలా గొంతెత్తింది. "మామా! నా మామా! మమ్మల్నొదిలి ఎటు పోయావు మామా!"

చుట్టుపక్కల ఇళ్లలోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరికేమైందోనని ఒక ముసలాయన కర్ర పుచ్చుకుని పరిగెత్తబోయాడు.

చికోజా భార్య నంబేవె అరుగు మీద చేటలో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి, బక్కపలచటి చేతులు. ఎనెలేసి అరుగెక్కలేదు. కింద మట్టిలో కూలబడి, కాళ్లు తిన్నగా చాపుకుని కూర్చుంది.

"ఎవరు పోయారు?" అంది నంబేవె కాయ చిదుపుతూ.

"చికోజా మామ పోయాడత్తా."

"మూడేళ్లయింది."

"నేనిప్పుడే వచ్చాను."

గోడ అవతల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "పిండి మర ఆవిడకి మతి చలించింది." ఇంకెవరో "ష్" అన్నారు.

నంబేవె కాయలు ఒలుస్తూనే ఉంది. పొట్టు ఒకవైపు, గింజలు ఒకవైపు. పరామర్శకి వచ్చి కూర్చున్న మనిషికి జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఊపిరి ఆగేదాకా అన్నీ చెప్పాలి. పగవాడొచ్చి కూర్చున్నా చెప్పాలి. అది చెప్పకుండా పంపితే పోయినవాళ్లకే అవమానం. ఎనెలేసి ఆ సంగతి నమ్ముకునే వచ్చింది. నంబేవెకీ అది తెలుసు. అందుకే ఆమె వేళ్లు అంత విసురుగా ఆడుతున్నాయి. ఎండ అరుగు అంచు దాకా వచ్చింది. మైదానంలో ఎవరో గోలు కొట్టినట్టున్నారు, కేకలు లేచి అణిగాయి.

జెస్టెన్ రొప్పుతూ వచ్చాడు. "అక్కా, కార్లవాళ్లు వెళ్లాలంటున్నారు. ఎండ ముదురుతోంది. అమ్మని ఇంకెంతసేపు..."

"వెళ్లేవాళ్లని వెళ్లనీ. నువ్వు అమ్మ దగ్గర కూర్చో."

వాడు వెళ్లాక నంబేవె చేట పక్కకి జరిపింది.

"వానలు వెనకబట్టిన నెలలో దగ్గు పట్టుకుంది," అంది, ఎటో చూస్తూ. "ఆసుపత్రిలో తెల్ల మాత్రలిచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. కోళ్లు గూట్లోకి చేరే వేళ తియ్యటి గంజి అడిగాడు. రెండు గుక్కలు తాగి చేతులు చాపి చూసుకున్నాడు. ఏ మచ్చ ఏ గోతిదో లెక్క చెప్పాడు. కుడి అరచెయ్యి నాకు చూపించి, 'ఇది ఎనెలేసి మొగుడిది' అన్నాడు."

ఎనెలేసి తలెత్తింది.

"నీ మొగుడి గోతిలో రాయి పడింది కదా? పలుగు జారి చెయ్యి చీలింది. గుడ్డ చుట్టుకుని తవ్వాడు. ఆ చేత్తో తర్వాత ఎప్పుడూ ముద్ద గట్టిగా పట్టలేకపోయాడు. నీకెప్పుడైనా చెప్పాడా?"

"లేదత్తా."

"చెప్పడు. మనవలు చెప్పరు." నంబేవె చేటలోంచి ఒక కాయ తీసి, ఒలవకుండానే పడేసింది. "పెట్టె బాగుందన్నారందరూ. ఎంత నున్నగా ఉందో అన్నారు. పిండి తొమ్మిది రోజులు తిన్నాం. కానీ పిండి ఏడవదే ఎనెలేసీ. పిండికి కళ్లుండవు."

ఎనెలేసికి పొద్దుట్నుంచీ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. దారిలో పెట్టిన శోకం లాంటిది కాదు, చప్పుడు లేనిది. ఎవరి కోసమో ఆమెకే తెలియలేదు. తల్లి కోసమో, మామ కోసమో, ఆ చీలిన చేతి కోసమో. నంబేవె దాన్ని ఆపలేదు, ఓదార్చలేదు. తగ్గేదాకా ఆగి అడిగింది.

"ఒక మాట చెప్పు. అధ్యక్షురాలి మాటలు నా దగ్గరొద్దు. ఆ రోజు మళ్లీ వస్తే ఏం చేస్తావు?"

గోడ అవతల గుసగుసలు ఆగిపోయాయి. ఆట ఆపేస్తానని అంటే చాలు. ఆ ఒక్క మాట గోడ దాటి మైదానం చేరుతుంది, మైదానం నుంచి పారలు కదులుతాయి. తల్లి ఇంట్లో అలాగే పడి ఉంది. అనేస్తే పోయేదేముంది?

కానీ ఆ ఏడు ఫలేసికి నిశ్చయమైన పెళ్లి గుర్తొచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, ఇద్దరు పెళ్లాలున్న చేపల వ్యాపారి. జట్టుకి ఎంపికైంది కాబట్టే ఆ పెళ్లి తప్పింది. ఇప్పుడు బ్లాంటైర్ నగరంలో నర్సింగ్ చదువుతోంది, ఆట వల్ల వచ్చిన సీటు.

"ఆట ఆపనత్తా," అంది ఎనెలేసి. "పిల్లని బండెక్కించి పంపేదాన్నే. కానీ తాత కోసం రేపు ఏడవచ్చు అన్నానే, ఆ మాట అనేదాన్ని కాదు. నేను మాత్రం ఇక్కడ, ఇదే మట్టిలో కూర్చునేదాన్ని. పిల్ల లేని చోట నేనుండేదాన్ని. ఆట దగ్గర పిల్లలకి నేను అక్కర్లేదు. నన్ను అందరూ చూడాలని వెళ్లాను."

నంబేవె గోడ దగ్గరున్న పార వైపు చూసింది.

"ఆపేస్తానంటే పారలొస్తాయి. తెలుసా?"

"తెలుసు."

"అయినా అనవు?"

"మామ గురించి విన్నాక, ఆయన అరుగు ముందు అబద్ధం ఆడలేను."

ముసలామె పొట్టు అంటిన చేతులు దులుపుకుంది. ఎవరితోనో పోట్లాడుతున్నట్టు పెదాలు కదిపింది. చివరికి చెయ్యి చాపింది.

"దాని నంబరుందా నీ దగ్గర?"

"ఎవరిదత్తా?"

"ఇంకెవరిది? దానిదే. రెండుసార్లు ఇంటికొచ్చింది. నేను తలుపు తియ్యలేదు."

ఎనెలేసి ఫోను కలిపి ఇచ్చింది. నంబేవె దాన్ని తలకిందులుగా పట్టుకుంటే సరిచేసింది.

"ఫలేసీ... నేనే. అమ్మమ్మనే. ఏడవకు, ఏడుపు తర్వాత. పిండి మర ఆవిడ తల్లి పోయింది... ఆ... ఆ... రేపేముంది నీకు?" ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఎనెలేసి వైపు తిరిగింది. "మ్జుజు జట్టుతో ఆటట. గట్టివాళ్లా?"

"గట్టివాళ్లే అత్తా."

"అయితే ఆడాకే రా," అంది ఫోనులోకి. "తొందరపడకు. ఇక్కడ మేమున్నాం."

ఆమె లేచి, గోడకి ఆనించి ఉన్న పాత పార భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచింది. ఎనెలేసి పది అడుగుల దూరంలో వెంట వెళ్లింది.

నంబేవె మైదానం చుట్టూ తిరిగి వెళ్లలేదు. ఆట మధ్యలోంచి తిన్నగా నడిచింది. పరిగెత్తుతున్న కుర్రాడు ఒకడు ఆమెని గుద్దబోయి, తూలి, కింద పడ్డాడు. ఈల వేసేవాడికి ఈ తప్పుకి ఏ ఈల వేయాలో తెలియలేదు. గోలు కాస్తున్న ఆమె కొడుకు సాంసన్ చేతులు పైకెత్తాడు.

"అమ్మా! ఇంక పది నిమిషాలే ఉంది!"

"మీ నాన్నుంటే ఈపాటికి నడుం లోతు దిగుండేవాడు. ఎవడిదిరా పార పిడి విరిగింది? ఇదిగో, మీ నాన్నది. తీసుకో."

ఎవరూ నవ్వలేదు. గ్రామపెద్ద కుర్చీలోంచి లేచాడు.

"నంబేవే, ఆవిడ తప్పొప్పుకుందా?"

"సగం ఒప్పుకుంది. మిగతా సగం తప్పు కాదంది."

"ఆ సగానికి నువ్వేమన్నావు?"

"ఇంకా ఆలోచిస్తున్నా," అంది నంబేవె. "నా ఆలోచన తెగేదాకా శవం ఆగదు కదా."

గ్రామపెద్ద కాసేపు ఎనెలేసి మట్టి కాళ్ల వైపు చూశాడు. "అపరాధం కింద ఒక మేక ఇవ్వాలి. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం," అని కుర్రాళ్ల వైపు చెయ్యి ఊపాడు.

మనవలు చెట్ల వైపు వెళ్లేసరికి పన్నెండు దాటింది. నేల గట్టిగా ఉంది, పలుగుల చప్పుడు వాకిటిదాకా వినిపించింది. ఎనెలేసి తల్లి పక్కన చాప మీద తన చోట కూర్చుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పొయ్యి దగ్గర కట్టెపుల్ల పడేసి, ఆమె ముఖం చూడకుండా లోపలికొచ్చి కూర్చున్నారు. చాపలు నిండాయి. ఎవరూ ఆమెని పలకరించలేదు. చివరికి ఒక లావుపాటి ఆవిడ గుమ్మంలో నిలబడి, చోటు కోసం అటూ ఇటూ చూసి, ఎనెలేసి భుజాన్ని మోకాలితో నెట్టింది.

"జరుగు."

ఎనెలేసి జరిగింది.